రెండు బూడిద రంగులు

నబీరసూలు మామ కువైట్ నుంచి తెచ్చినప్పుడు
దానికి డబ్బా లేదు.
ఆయన కారు తోలే ఇంట్లో పిల్లోడు
ఆడి ఆడి విసిరేస్తే
అత్తరు సీసాల నడుమ
పాత బనీనులో మూటగట్టి తెచ్చినాడు.
గోరంత ఇటుకలు, బూడిద రంగువి,
నూటా డెబ్బై రెండు.
లెక్క నాది కాదు, మద్దిలేటిది.
ప్రతి ఆదివారం వచ్చి లెక్కబెట్టేవాడు
నేనేమన్నా దాచుకుంటానేమోనని.

ఏదో సినిమాలో ఓడంట, ఆకాశంలో పోయేది.
ఆ సినిమా మేం చూడలేదు.
ఎట్ల కట్టాలో చెప్పే కాగితం
కువైట్‌లోనే ఉండిపోయింది.
అందుకని దాన్ని పుట్టి చేసినాం,
తుంగభద్రలో వదిలితే
రెండు చుట్లు తిరిగి మునిగింది.
బురుజు చేసినాం.
ఆర్టీసీ బస్టాండు కూడా చేసినాం,
ఆదోని బస్సుకు మాత్రం ఇటుకలు చాలలేదు.

మనుషులు ముగ్గురు.
మొహాన రెండు చుక్కలు, కింద ఒక గీత.
హీరో నవ్వుతాడు, విలనూ నవ్వుతాడు,
చెయ్యి ఊడినోడు కూడా నవ్వుతాడు.
ఒకడి జుట్టు యాడనో పడిపోతే
చింతపిక్క అరగదీసి అతికించినాం.
ఊరంతా వాడే అందగాడు.

రెండువేల తొమ్మిది అక్టోబరులో
నీళ్ళు మా అటక దాకా ఎక్కినాయి.
దిగినాక, పారతో ఒండ్రు తోడుతుంటే
అమ్మకు రోలు దొరికింది.
నాకు తొంభై నాలుగు ఇటుకలు.
సూదితో ఒక్కొక్కదాని కడుపు గీకి మట్టి తీసినా.
కొన్నింట్లో ఇంకా ఉండాది,
మూలల్లో, గట్టిగా, నల్లగా.

మొన్న తస్లీమ్‌కు తొమ్మిదేళ్ళు నిండితే
అదే ఓడ, కొత్తది, వాయిదాల మీద కొన్నా.
నా ఫోన్ల రిపేరు అంగట్లో
రెండు వారాల కష్టం అది.
పద్నాలుగు వందల ముక్కలు,
నంబర్లేసిన సంచులు,
టెలిఫోన్ డైరెక్టరీ అంత పుస్తకం.

నిజం చెప్పాల, కొత్తదే బాగుండాది.
పాతదాని ముక్కు మెట్లు మెట్లుగా ఉండేది,
ఇది చేప వీపు మాదిరి వంపు తిరిగింది.
తలుపు తెరిస్తే లోపల వంటిల్లు,
వంటింట్లో గ్లాసు, గ్లాసుకు పిడి.
ముప్పై ఏడేళ్ళోణ్ణి,
ఆ గ్లాసు చూసి కుళ్ళుకున్నా.

మనిషి తల తిప్పితే వెనక ఇంకో మొహం,
ముందర కోపం, వెనక భయం.
మా వాళ్ళకు భయపడేదానికి
రెండో మొహం ఇయ్యలేదు ఎవరూ.
అటక మీద నీళ్ళలో తేలేటప్పుడు కూడా
నవ్వుతానే ఉండింటారు.

తస్లీమ్ ఆ సినిమా ఫోన్లో నాలుగు తూర్లు చూసింది.
"రెక్క ఆడ కాదు నాయినా" అని
నా చెయ్యి పక్కకు నెట్టింది.
పుట్టి సంగతి చెప్పినా, బస్టాండు సంగతి చెప్పినా.
"అయితే మీరంతా తప్పు కట్టినారు" అనింది.
తప్పే.

పదకొండో సంచిలో ఒక ముక్క
నాపరాళ్ళ సందులో పడి పోయింది.
పుల్ల పెట్టి కెలికినా రాలేదు.
నా రేకు డబ్బాలో వెతికితే
అదే కొలత, అదే ఎనిమిది బొడిపెలు.
కటుక్కుమని కూర్చుంది,
పాతికేళ్ళు ఎడమున్నా.
రంగు మాత్రం కుదరలేదు.
పాతది పొయ్యిలో బూడిద,
కొత్తది వానకు ముందు మబ్బు.
మా గోడ మీద వరద గీత కూడా ఇంతే,
మూడు తూర్లు సున్నం కొట్టినా
ఆ ఎత్తుకాడికి వస్తే తెలిసిపోతాది.

తస్లీమ్ కండ్లు చిట్లించి చూసింది.
ఆ ముక్క పీకి, ఓడను తిరగేసి,
పొట్ట కింద ఉండే కొత్త ముక్కను పైకి తెచ్చి
నాదాన్ని కిందికి పెట్టింది.
"ఈడైతే ఎవరికీ కనపడదు."

రాత్రి చాప మీద పడుకోనుంటే
నా మీదుగా ఓడను తోలుతుంది, నోటితో మోత చేస్తా.
నాకు కనపడేది పొట్టే.

బేతంచెర్ల వేబ్రిడ్జి కాడ
బండల లారీలు తూకమేసే మద్దిలేటికి ఫోన్ చేసినా.
"ఎన్నుండాయి ఇప్పుడు?" అన్నాడు, పలకరింపు లేకుండానే.
తొంభై మూడు, అన్నా.
కాసేపు లారీ హారన్లు వినపడినాయి.
"దాచుకుంటివి గదరా ఒకటి" అన్నాడు.